ప్యాకెట్టు మీది 5 నిమిషాలు, వంటింట్లో 11 అయిన సంగతి

మార్చి 2 నుంచి 29 దాకా, 28 రోజులు, రోజుకో పూట సూపర్‌మార్కెట్ ప్యాకెట్లతోనే గడపాలని పెట్టుకున్నాను. గడ్డకట్టించిన ట్రే భోజనాలు, కప్పు నూడుల్స్, మరిగే నీళ్లలో వేసి తీసే పౌచ్‌లు, డబ్బా బీన్స్, వండిన అన్నం ప్యాకెట్లు, సూప్ పొడి, బంగాళాదుంప రేకులు, ఫ్రైలు. దగ్గర పెట్టుకున్న పనిముట్లు మూడు: గ్రాము దాకా చూపే కాటా, గుచ్చి చూసే థర్మామీటర్, ఫోన్‌లో స్టాప్‌వాచ్. రుచి ఎవరి నాలుకను బట్టి వాళ్లది, దానికి మార్కులు వేయలేదు. ప్యాకెట్టు చెప్పిన టైములో సరిగ్గా వేడెక్కిందా, రాసిన బరువు తినేదాని బరువేనా, తేడా వస్తే ఎందుకొచ్చింది, ఇవే రాసుకున్నాను.

మొదటి వారం దాదాపు అన్నీ చెడాయి. సరుకే నాసిరకం అనుకున్నాను. ఆ వారం చివరికి గానీ తప్పు సరుకుది కాదని, వేడి పెట్టే తీరుదని తెలియలేదు.

మార్చి 2న మొదలుపెట్టింది ట్రే భోజనంతో. 350 గ్రాముల పాస్తా, రాయిలా గడ్డకట్టి ఉంది. అట్ట మీద "800 వాట్లు, 5 నిమిషాలు" అని ఉంది. మైక్రోవేవ్ తలుపు మీద కూడా 800 అనే ఉంది కాబట్టి సరిపోతుందనుకున్నాను. 5 నిమిషాలకు తీస్తే మూలల్లో సాస్ కుతకుతలాడుతోంది, థర్మామీటర్ 91 డిగ్రీలు చూపించింది. నడిమధ్యలో గుచ్చితే 3 డిగ్రీలు. అంటే అక్కడ మంచు అప్పుడప్పుడే కరుగుతోంది. మళ్లీ 2 నిమిషాలు పెట్టాను. మధ్యలో 60కి వచ్చింది, ఈలోగా మూలల్లో పాస్తా తోలులా అయిపోయింది. 75 డిగ్రీలు అన్ని చోట్లా దాటితేనే తినాలని ముందే అనుకున్నాను కాబట్టి ఇంకో నిమిషం పెట్టాల్సి వచ్చింది. ఆ ట్రేలో తినదగ్గది సగమే.

ఇలా ఎందుకవుతుందంటే, మంచు మైక్రోవేవ్‌ను దాదాపు పట్టించుకోదు. నీరు మాత్రం గబగబా పీల్చుకుంటుంది. అంచులో కొంచెం కరిగి నీరైందంటే, అక్కణ్ణుంచి వేడంతా ఆ నీటికే పోతుంది, పక్కనున్న మంచు అలాగే కూర్చుంటుంది. పైగా చతురస్రపు ట్రే మూలలకు రెండు మూడు వైపుల నుంచీ తరంగాలు తగులుతాయి, మధ్యకు చేరేది తక్కువ. ట్రే తిరిగినా మధ్యభాగం మధ్యలోనే ఉంటుంది కదా.

మర్నాడు ఇంకో తప్పు. పైనున్న ప్లాస్టిక్ పొరకు చిల్లులు పెట్టమని అట్ట మీద సన్నక్షరాల్లో ఉంది, చూడలేదు. మూడో నిమిషంలో పొర బెలూన్‌లా ఉబ్బి టప్పున పేలింది. సాస్ మైక్రోవేవ్ పైకప్పుకు అంటుకుంది. తుడవడానికి పట్టిన టైము వంట టైము కన్నా ఎక్కువ. ఫోర్కుతో నాలుగైదు పోట్లు చాలు, కానీ పొరను పూర్తిగా తీసేయకూడదు. ఆవిరి లోపల తిరిగితేనే పైభాగం ఎండిపోకుండా ఉంటుంది.

మార్చి 7న విసుగొచ్చి మైక్రోవేవ్‌నే పరీక్షించాను. ఇది ఎవరైనా పది నిమిషాల్లో చేయొచ్చు, ఈ 28 రోజుల్లో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. గాజు గిన్నెలో సరిగ్గా 1 లీటరు నీళ్లు పోయాలి. కలిపి వేడి చూడాలి. పూర్తి శక్తి మీద 60 సెకన్లు పెట్టాలి. తీసిన వెంటనే బాగా కలిపి మళ్లీ చూడాలి. ఎన్ని డిగ్రీలు పెరిగిందో దాన్ని 70తో గుణిస్తే, నీటికి నిజంగా అందిన వాట్లు వస్తాయి. నీళ్లు 24 డిగ్రీల నుంచి 33.5కి వెళ్లాయి. 9.5ను 70తో గుణిస్తే 665. తలుపు మీద 800! గిన్నె కూడా కాస్త వేడి తాగుతుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ ట్రే విషయంలో జరిగింది అర్థం కావడానికి ఇది చాలు. పాత యంత్రాల్లో శక్తి తగ్గడం మామూలే, ఆ తగ్గింది ఎంతో తలుపు మీది అంకె చెప్పదు.

ఆ తర్వాత లెక్క సులువు. ప్యాకెట్టు నిమిషాలను ప్యాకెట్టు వాట్లతో గుణించి, మన వాట్లతో భాగించాలి. 5ను 800తో గుణించి 665తో భాగిస్తే 6 నిమిషాలు. కానీ ఆ 6 నిమిషాలూ ఒకేసారి పెడితే మళ్లీ అదే గొడవ. మార్చి 8న ఇలా చేశాను: 3 నిమిషాలు పెట్టి, తీసి, అంచుల్లోది మధ్యకూ మధ్యలోది అంచులకూ వచ్చేలా కలిపి, నడుమ గుంటలా చేసి చుట్టూ గోడలా పేర్చి, ఇంకో 3 నిమిషాలు. తర్వాత తలుపు తెరవకుండా 2 నిమిషాలు వదిలేశాను. ఈ "వదిలేయడం" చాలా ప్యాకెట్ల మీద ఉంటుంది, ఎవరం పట్టించుకోం. ఆ 2 నిమిషాల్లోనే వేడిచోట్ల నుంచి చల్లచోట్లకు వేడి పాకుతుంది. ఎనిమిది చోట్ల గుచ్చి చూశాను, అన్నిటికన్నా తక్కువ 76. మొదటిసారి ట్రే మొత్తం తినగలిగాను, చిన్నపిల్లల్లా సంబరపడ్డాను కూడా.

స్టాప్‌వాచ్ మాత్రం వేరే మాట చెప్పింది. అట్ట విప్పి చిల్లులు పెట్టడానికి 1, వేడికి 3, కలపడానికి 1, మళ్లీ 3, ఆగడం 2, గిన్నెలోకి తీయడం 1. మొత్తం 11 నిమిషాలు. ప్యాకెట్టు మీది అంకె యంత్రం తిరిగే టైము ఒక్కటే, మనిషి నిలబడే టైము కాదు.

కలపడానికి వీల్లేని ట్రేలు, అంటే పొరలు పొరలుగా పేర్చినవి, సగం శక్తి మీద రెట్టింపు సేపు పెట్టాలి. సగం శక్తి అంటే చాలా యంత్రాల్లో పూర్తి శక్తి వచ్చిపోతూ ఉండటమే, ఆ మధ్యలో వచ్చే విరామాల్లోనే వేడి లోపలికి పాకుతుంది. ట్రే అల్యూమినియందైతే మైక్రోవేవ్ మాటే వద్దు, ఓవెనే.

ఇక నూడుల్స్. మొదటి కప్పు మార్చి 4న. గీత దాకా మరిగే నీళ్లు పోసి 3 నిమిషాలు మూయమన్నారు. కెటిల్ ఆగాక ఫోన్ మాట్లాడి వచ్చి పోశాను, నీళ్లు అప్పటికి 84 డిగ్రీలు. 3 నిమిషాలకు పైన మెత్తగా, మధ్యలో వెదురు పుల్లల్లా ఉంది. 5 నిమిషాలకు మెత్తబడింది గానీ పులుసు గోరువెచ్చగా అయిపోయింది. మర్నాడు బుడబుడమనే నీళ్లే పోసి, మూత మీద ప్లేటు పెట్టాను, 3 నిమిషాలకు సరిగ్గా వచ్చింది. ఈ నూడుల్స్‌ను ముందే ఆవిరికి ఉడికించి నూనెలో వేయిస్తారు. 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో బజారులోకి తెచ్చిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. వేగేటప్పుడు లోపలి నీరు ఆవిరై పోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి. మనం పోసే వేడినీళ్లు దూరేది వాటిలోకే. నీళ్లు చల్లారితే రంధ్రాలు నిండుతాయి గానీ పిండి త్వరగా మెత్తబడదు. అందుకే ఇక్కడ నిమిషాల కన్నా నీళ్ల వేడి ముఖ్యం.

నూనెలో వేగినవి కాబట్టి పాతబడితే నూనె వాసన వస్తుంది. ఆఫర్‌లో కొన్న ఒక ప్యాకెట్టు గడువు ఇంకా ఉంది, అయినా విప్పగానే పాత నూనె వాసన కొట్టింది. ఎండ తగిలే అరలో పడి ఉంటుంది. దాన్ని పారేశాను.

అసలు జాగ్రత్త పడాల్సింది మసాలా సాచెట్ దగ్గర. ఒక ప్యాకెట్టు వెనక సోడియం 0.9 గ్రాములు అని ఉంది, ఫరవాలేదే అనిపించింది. పైన చూస్తే "ఒకరికి" అన్న లెక్క, ప్యాకెట్టులో ఇద్దరికి సరిపడా ఉందట. అంత ప్యాకెట్టు ఒక్కరే తింటారని అందరికీ తెలుసు. అంటే సోడియం 1.8 గ్రాములు. సోడియంను 2.5తో గుణిస్తే ఉప్పు, అంటే 4.5 గ్రాములు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఒక గిన్నెతో ఆ కోటా అయిపోయినట్టే. ఆ రోజు నుంచి సాచెట్‌లో సగమే వేసి, పులుసు గిన్నెలోనే వదిలేశాను. మూడు రోజులు చప్పగా అనిపించింది, నాలుగో రోజు సగమే సరిపోయింది.

రెండో వారం పౌచ్‌లు, అంటే గది వేడిలోనే నెలల తరబడి ఉండే కూరలు, సూప్‌లు. వీటిలో చెడిందంటూ ఏమీ లేదు. మరిగే నీళ్లలో 5 నిమిషాలు ముంచి తీయడమే. నీళ్లు అన్ని వైపులా తగులుతాయి కాబట్టి మైక్రోవేవ్‌లోలా ఒకచోట మంచు, ఒకచోట మంట ఉండదు. వీటిని సీలు వేశాక ఒత్తిడిలో 121 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు, సూక్ష్మజీవుల బీజాలు కూడా చస్తాయి. ఆ తర్వాత సీలు ఉన్నంతకాలం చెడేందుకు లోపల ఏమీ మిగలదు. అందుకే పౌచ్ మీద "నిల్వ ఉంచే పదార్థాలు కలపలేదు" అని పెద్దక్షరాల్లో కనిపిస్తే మురిసిపోనక్కర్లేదు, వాళ్లకు వాటి అవసరమే లేదు. ఉబ్బిన పౌచ్‌ను మాత్రం రుచి కూడా చూడకూడదు, విప్పకుండానే పారేయాలి. సీలు పోయిందో, ఉడకబెట్టడంలో లోపముందో మనకు తెలిసే దారి లేదు.

విప్పడంలోనే కష్టం. నీళ్లలోంచి తీసిన పౌచ్ జారుతుంది, చించే గాటు దగ్గర సగం దాకా చిరిగి ఆగిపోతుంది, చిక్కటి వేడి సాస్ చేతి మీద పడుతుంది. మార్చి 10న వేలు కాలింది. తర్వాత నిలబెట్టి, గుడ్డతో పై అంచు పట్టుకుని, కత్తెరతో అడ్డంగా ఒకే కోత. ఖాళీ అనుకున్న పౌచ్‌ను కాటా మీద పెడితే, కవరు బరువు పోను 14 గ్రాముల సాస్ మడతల్లో ఉండిపోయింది. రెండు స్పూన్ల వేడినీళ్లు పోసి ఊపి ఒంపితే అదీ వచ్చేస్తుంది.

వండిన అన్నం ప్యాకెట్టుది వేరే కథ. 250 గ్రాములు, 90 సెకన్లు. మొదటిసారి అలాగే పెట్టేశాను. బయట పొగలు, లోపల సబ్బుబిళ్ల లాంటి గట్టి ముద్ద. చల్లారిన అన్నంలో పిండిపదార్థం మళ్లీ బిగుసుకుంటుంది, దాన్ని విడదీయడానికి వేడితో పాటు కాస్త నీరూ, గింజగింజకూ మధ్య జాగా కావాలి. మూసి ఉన్న ప్యాకెట్టునే ముందు పిసికి ముద్దలు విడగొట్టి, అప్పుడు 2 సెంటీమీటర్లు చించి, ఒక టేబుల్ స్పూన్ నీళ్లు చిలకరించి పెడితే అదే 90 సెకన్లలో పొడిపొడిగా వచ్చింది. 90 సెకన్లని రాసినవాళ్లు "ముందు పిసకండి" అన్నది అంతే పెద్దగా రాయొచ్చు కదా.

డబ్బా బీన్స్ దగ్గర చేతికి కాటా ఉన్నందుకు సంతోషించాను. డబ్బా మీద 400 గ్రాములు. కింద చిన్నగా "నీరు వంపాక 240 గ్రాములు". తూచితే 243 వచ్చింది, మోసమేమీ లేదు. కానీ రెండు కంపెనీల డబ్బాల ధర పోల్చేటప్పుడు చూడాల్సింది ఈ రెండో అంకెనే. చౌక అని కొన్న ఇంకో డబ్బాలో అది 220. లెక్కేస్తే గ్రాముకు అదే ఎక్కువ పడింది. నీళ్లు వంపి, చిల్లుల గిన్నెలో కుళాయి కింద అర నిమిషం కడిగితే సోడియం సుమారు 40 శాతం పోతుంది, జిడ్డు నురగా పోతుంది. డబ్బా నొక్కుకుపోయి ఉంటే నొక్కు ఎక్కడుందో చూడాలి. పక్కన చిన్న సొట్ట ఫరవాలేదు, పై అంచు మీద గానీ అతుకు మీద గానీ ఉంటే వద్దు. మిగిలినవి డబ్బాలోనే ఫ్రిజ్‌లో పెట్టకుండా గాజు సీసాలోకి మార్చుకుంటే లోహపు రుచి ఎక్కదు. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. లాగి విప్పే మూత అంచు బ్లేడే, రింగు పైకెత్తాక చివరి అంగుళం నెమ్మదిగా లాగాలి.

మూడో వారంలో పొడులు. సూప్ పొడిని నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. ఉండ పై పొర క్షణంలో జిగురై, లోపలి పొడిని తడవనివ్వదు. ఎంత తిప్పినా నలిగేది కాదు. రెండు స్పూన్ల చల్లనీళ్లలో ముందు పేస్టు చేసి, ఆ మీద వేడినీళ్లు పోస్తే ఒక్క ఉండా ఉండదు. ఇంతకన్నా చెప్పేదేమీ లేదు దీని గురించి.

బంగాళాదుంప రేకులు మాత్రం నన్ను రెండుసార్లు ఓడించాయి. మొదటిసారి బుసబుసలాడే నీళ్లు పోసి, నున్నగా రావాలని విస్క్‌తో నిమిషం పాటు గిలకొట్టాను. వచ్చింది గోడకు పోస్టరు అంటించే బంక. రెండోసారి నీళ్లు తక్కువేమో అని ఇంకా పోశాను, పలచటి బంక వచ్చింది. ఈ రేకులు ఉడికిన దుంపను ఆరబెట్టి చేసినవి. గిలకొట్టిన కొద్దీ కణాలు పగిలి లోపలి పిండి బయటికొస్తుంది, ఆ పిండే బంక. మార్చి 18న నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, చల్లటి పాలు కలిపి వేడి తగ్గించి, రేకులు పైన చల్లి, అర నిమిషం ముట్టుకోకుండా, ఫోర్కుతో ఆరేడుసార్లు మెల్లగా కలిపి వదిలేశాను. మెత్తగా, విడివిడిగా వచ్చింది. ఒళ్లు వంచి కలిపినవాడికి బంక, బద్ధకంగా కలిపినవాడికి భోజనం!

చివరి వారం ఫ్రైలు, బఠాణీలు. ఫ్రైల మీద "200 డిగ్రీలు, 20 నిమిషాలు". ఓవెన్ వేడెక్కడానికి పట్టిన 14 నిమిషాలు ఆ లెక్కలో లేవు. మొదటిసారి త్వరగా అవుతుందని బయట పెట్టి కరిగించి వేశాను. పైన నీరు పట్టింది, ఆ నీరు ఆవిరయ్యే దాకా కరకరలాడే ప్రశ్నే లేదు, అవి మెత్తగా వేలాడుతూ వచ్చాయి. గడ్డకట్టినవే నేరుగా వేయాలి. రెండోసారి 600 గ్రాములు ఒకే ట్రేలో కుక్కాను, ఒకదాని ఆవిరికి ఇంకోటి ఉడికింది, వేగలేదు. 300 గ్రాములు, ఒకే వరస, మధ్యలో వేలు పట్టే సందు ఉంచితే 26 నిమిషాలకు వచ్చాయి. ఆ 6 నిమిషాల తేడా దేనికంటే, ఓవెన్‌లో థర్మామీటర్ పెట్టి చూస్తే బటన్ 200 దగ్గరున్నా లోపల 180. చల్లటి ట్రే పెట్టిన వెంటనే ఇంకా పడిపోయింది.

కొనేటప్పుడే ఒక చిన్న పరీక్ష ఉంది, ఇది మార్చి 21 తర్వాత అలవాటైంది. గడ్డకట్టించిన సంచిని చేత్తో ఊపాలి. గలగలమంటే మంచిది. అంతా ఒకే గడ్డగా ఉండి, లోపల మంచు పొడి పేరుకుని ఉంటే దారిలోనో దుకాణంలోనో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. ఇంట్లోది మైనస్ 11 చూపించింది, వెనక మంచు పేరుకుపోయి ఉంది. కరిగించి శుభ్రం చేయడానికి ఒక పూట, మళ్లీ మైనస్ 18కి చేరడానికి రాత్రంతా పట్టింది. ఆ పూట ప్యాకెట్టు భోజనం లేదు, బ్రెడ్డుతో సరిపెట్టుకున్నాను.

మార్చి 29న అరలో మిగిలినవి చూసుకుంటే, మళ్లీ కొన్నవి పౌచ్‌లు, డబ్బా బీన్స్, బఠాణీలు. ట్రే భోజనాలు 11 నిమిషాలు పక్కన నిలబడే ఓపిక ఉన్న రోజుకే. బఠాణీలకు కథేమీ లేదు. గడ్డకట్టించే ముందే వేడినీళ్లలో ముంచి తీస్తారు, అందుకే రంగు పోదు, సగం ఉడికే ఉంటాయి. కరిగించకుండా వేడి పెనం మీద వేసి, మూత పెట్టకుండా 3 నిమిషాలు. ప్యాకెట్టు మీదా 3 అనే ఉంది. 28 రోజుల్లో తిప్పలేమీ లేకుండా అచ్చంగా సరిపోయిన అంకె అదొక్కటే.